తుఫాను తీరం దాటినంక వరంగల్ ఎందుకు మునిగింది? మొగులు పుట్టుడు నుంచి సముద్రపు హెచ్చరికల దాకా

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటుతుందని టీవీలో స్క్రోలింగ్ వస్తుంటే మా ఇంట్లో అందరం ఇగ గండం గడిచినట్టే అనుకొని పడుకున్నం. మా అక్కను మచిలీపట్నం దిక్కు ఇచ్చినం, మా భయమంతా ఆమె గురించే. తెల్లారి 29న హనుమకొండలో వాన పట్టుకుంది, పట్టుకున్నది పట్టుకున్నట్టే పొద్దూకేదాకా దంచింది. సాయంత్రం అక్కనే ఫోన్ చేసింది: "మాకు గాలి వచ్చి పోయిందిరా తమ్మీ, సముద్రం ఊళ్ళెకు రాలే. టీవీల చూస్తే మీ దగ్గరనే మునుగుతున్నయట గదా, అమ్మ మంచిగున్నదా?"

ఆ ఒక్క రోజులో హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో 40 సెంటీమీటర్లు దాటి వాన పడ్డది. డోర్నకల్ స్టేషన్లో పట్టాలు మునిగి రైళ్ళు ఆగినయి, కోసి ఆరబోసిన వడ్లు కొట్టుకపోయినయి, చేన్లలో పత్తి నల్లబడ్డది. సముద్రం మనకు రెండు వందల కిలోమీటర్లకు పైనే ఉంటది. ప్రమాద హెచ్చరికలు, ఉప్పెన, ఎత్తైన అలలు అని వారం రోజులు విన్నవన్నీ తీరానికే, మరి దెబ్బ మనకెట్ల తగిలింది అని అప్పటి నుంచి నన్ను అడిగినవాళ్ళు మస్తు మంది. దీనికి జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు గాని అర్థం కాదు. మొగులు ఎట్ల పుడ్తదో తెలిస్తే గాని తుఫాను తెలవదు, తుఫాను తెలిస్తే గాని ఆ హెచ్చరికల్లో ఏ మాట ఎవరికో తెలవదు. అందుకే కింది నుంచి మొదలుపెడుతున్న.

చెంబు మీద చెమట ఎక్కడిది

ఫ్రిజ్‌లో నుంచి తీసిన స్టీలు చెంబు బయట పెడితే ఐదు నిమిషాలకు దాని ఒంటి మీద చుక్కలు పడ్తయి. చిన్నప్పుడు చెంబుకు చిల్లు పడ్డదేమో అనుకునేవాళ్ళం. ఆ నీళ్ళు చెంబులోవి కావు, మన చుట్టూ గాలిలో ఆవిరిగా ఉన్నవి, చల్లటి స్టీలు తగిలి నీళ్ళయినయి. ఆవిరి నీళ్ళుగా మారుడునే సైన్స్ పుస్తకంలో సాంద్రీకరణం అంటరు. మొగులు మొత్తం కథ ఇదే, చెంబు జాగాలో ఆకాశం ఉంటది అంతే.

ఇక్కడ ఒక చిన్న పొరపాటు అందరం చేస్తం. ఛాయ్ మీద లేచే తెల్లటి పొగను ఆవిరి అంటం. నిజానికి ఆవిరి కంటికి కనబడదు. కుక్కర్ విజిల్ వేసినప్పుడు జాగ్రత్తగా చూస్తే రంధ్రానికి ఆనుకొని కొంచెం దూరం ఏమీ కనబడదు, ఆ పైన తెల్లగా మొదలైతది. ఏమీ కనబడని ఆ కొంచెం జాగలో ఉన్నది అసలైన ఆవిరి, తెల్లగా కనబడేది అప్పటికే చల్లబడి చుక్కలైన నీళ్ళు. ఆకాశంలో మొగులు కూడా ఆ తెల్లటి భాగమే, అంటే మొగులు అనేది ఆవిరి కాదు, గాలిలో తేలే కోట్ల కోట్ల నీటి చుక్కలు, బాగా పైన అయితే మంచు పలుకులు.

గాలిలో ఎంత ఆవిరి ఉండొచ్చు అనేది వేడిని బట్టి ఉంటది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో ఎక్కువలో ఎక్కువ 30 గ్రాముల ఆవిరి ఉంటది, 20 డిగ్రీలకు వస్తే 17 గ్రాములే, 10 డిగ్రీలకు 9 గ్రాములకు కొంచెం పైన. లెక్క వేసి చూద్దాం. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గది అంటే దాదాపు 28 ఘనపు మీటర్లు. జూలైలో 30 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకుంటే ఆ ఖాళీ గదిలో కనబడకుండా 680 గ్రాముల దాకా నీళ్ళున్నట్టు. ఏసీ పెట్టి దాన్ని 20 డిగ్రీలకు తెస్తే అందులో 480 గ్రాములకు మించి నిలవవు, మిగిలిన 200 గ్రాములు ఎక్కడికో పోవాలె కదా, ఏసీ పైపు నుంచి బకెట్లో టప్ టప్ పడే నీళ్ళు అవే (తలుపు సందుల్లో నుంచి బయటి గాలి వస్తనే ఉంటది కాబట్టి బకెట్ నిండుతనే ఉంటది).

గాలి ఆవిరిని "పట్టుకుంటది" అని సులువుగా అంటం గాని గాలేం సంచి కాదు. నీళ్ళ నుంచి కణాలు ఎగిరిపోతుంటయి, గాలిలో ఉన్నవి తిరిగి వచ్చి అతుక్కుంటుంటయి, వేడి ఎక్కువుంటే ఎగిరేవి ఎక్కువ, చల్లబడితే అతుక్కునేవి ఎక్కువ. రెండూ సమానమయ్యే దగ్గర గాలి సంతృప్తమైంది అంటరు, ఏ ఉష్ణోగ్రతకు చల్లబడితే అట్ల అయితదో దాన్ని డ్యూ పాయింట్ అంటరు. తేమ శాతం కంటే ఈ డ్యూ పాయింట్ నాకు ఎక్కువ పనికొస్తది, ఎందుకంటే ఉడకపోత ఎంతుందో అదే చెప్తది, 25 దాటిందంటే ఫ్యాన్ కింద కూడా చెమట ఆరదు.

పైకి పోతే చల్లబడుడు, మొగులు కిందికి దిగుడు

సైకిల్ పంపు కొడితే కింద గొట్టం వేడెక్కుతది, టైర్‌లో గాలి వదిలితే చల్లగా తగుల్తది. గాలిని నొక్కితే వేడి, వదిలి విస్తరించనిస్తే చల్లన. కింద మన నెత్తి మీద గాలి బరువు మొత్తం ఉంటది, పైకి పోతున్నకొద్దీ ఆ బరువు తగ్గుతది, కాబట్టి పైకి లేచిన గాలి వ్యాకోచిస్తది, దాంతో చల్లబడ్తది. మొగులు కట్టనంతసేపు కిలోమీటరు లేస్తే దాదాపు 10 డిగ్రీలు పోతది. డ్యూ పాయింట్ దాకా చల్లబడగానే చెంబు మీద జరిగిందే అక్కడ జరుగుతది.

దీనికి మంచి మోటు లెక్క ఉంది: గాలి ఉష్ణోగ్రతకు, డ్యూ పాయింట్‌కు ఉన్న తేడాను 125తో గుణిస్తే మొగులు అడుగు భాగం ఎన్ని మీటర్ల ఎత్తులో ఉంటదో దగ్గర దగ్గర వస్తది. మే నెలలో వరంగల్‌లో 42 డిగ్రీలు, డ్యూ పాయింట్ 18 అనుకోండి, తేడా 24, అంటే మొగులు 3 కిలోమీటర్ల పైన గాని మొదలు కాదు, అందుకే ఎండాకాలం పొద్దటి పూట ఎంత చూసినా ఆకాశం ఖాళీ. అదే ఆగస్టులో 30 డిగ్రీలు, డ్యూ పాయింట్ 25, తేడా 5, మొగులు 600 మీటర్లకే మొదలైతది. మొగులు కిందికి దిగింది, ఇయ్యాల ముసురు పడ్తది అని మా నాయిన అనే మాటకు లెక్క ఇది, ఆయన 125తో గుణించలేదు గాని చెప్పింది తప్పలేదు. చలికాలం పొద్దున హైదరాబాద్ రోడ్డు మీద ముందు బండి కనబడనంత పొగమంచు కూడా మొగులే, నేల మీదనే కట్టింది.

గాలి ఊరికే పైకి లేవదు, ఏదో లేపాలె. ఎండకు నేల కాలి గాలి లేస్తది, మే నెలలో సాయంత్రం గాలిదుమారం, రాళ్ళవాన ఇట్లనే. గుట్టలకు తగిలి లేస్తది. లేకపోతే చుట్టుపక్కల నుంచి గాలులు వచ్చి ఒకదగ్గర గుద్దుకొని పోయే దారి లేక పైకి లేస్తయి. అల్పపీడనం అంటే ఈ మూడోది.

దుమ్ము లేనిదే చుక్క లేదు

ఆవిరి చుక్క కావాలంటే అతుక్కోవడానికి ఏదన్నా ఉండాలె. చెంబుకైతే స్టీలుంది, ఆకాశంలో ఏముంది? దుమ్ము, పొగ, సముద్రపు అలల నుంచి ఎగిరిన ఉప్పు నలుసులు. 1875లో ఫ్రాన్స్‌లో కూలియే, తర్వాత స్కాట్లాండ్‌లో జాన్ ఐట్కెన్ సీసాల్లో గాలిని దూదితో వడపోసి చూసిన్రు, దుమ్ము లేని గాలిలో అంత సులువుగా పొగమంచు కట్టలేదు. ఉప్పు నలుసులు అయితే మరీ మంచివి, ఉప్పు డబ్బా మూత తీసి పెడితే వానాకాలం ఎట్ల చెమ్మగిల్లుతదో అట్ల నీళ్ళను గుంజుకుంటయి.

మొగులులో చుక్క చాలా చిన్నది, మిల్లీమీటరులో యాభయ్యో వంతు. సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున పడ్తది, కింది నుంచి లేచే గాలి దానికంటే జోరుగా ఉంటది కాబట్టి అక్కడనే తేలుతది. రెండు మిల్లీమీటర్ల వాన చినుకు ఒక్కటి తయారు కావాలంటే అసొంటి చుక్కలు పది లక్షలు కలవాలె. అందుకే మొగులు కమ్మినప్పుడల్లా వాన పడదు. చుక్కలు గుద్దుకొని పెరగాలె, లేదా పైన మంచు పలుకులు పుట్టి చుట్టుపక్కల ఆవిరిని గుంజుకొని బరువెక్కి కరిగి కింద పడాలె, రెండింటికీ టైము, మందమైన మొగులు, ఆగకుండా అందే తేమ కావాలె. ఈ ఆఖరి మాట, ఆగకుండా అందే తేమ, గుర్తు పెట్టుకోండి.

ఆవిరి నీళ్ళయితే పుట్టే వేడి, అదే తుఫాను పెట్రోలు

నీళ్ళను ఆవిరి చేయాలంటే పొయ్యి మీద ఎంత వేడి పెట్టాల్నో మనకు తెలుసు. ఆ వేడి ఎక్కడికీ పోదు, ఆవిరిలో దాగి ఉంటది, తిరిగి నీళ్ళయినప్పుడు బయటికి వస్తది. పుస్తకంలో దీన్ని గుప్తోష్ణం అంటరు. ఒక కిలో ఆవిరి చుక్కలుగా మారితే దాదాపు 0.7 యూనిట్ కరెంటుకు సమానమైన వేడి చుట్టూ ఉన్న గాలికి అందుతది. కిలోకు 0.7 అంటే చిన్నగనే అనిపిస్తది.

ఇప్పుడు బంగాళాఖాతం. సముద్రం పైపొర 26 డిగ్రీలు దాటి ఉంటే నీళ్ళు బాగా ఆవిరైతయి. ఒకచోట గాలి పీడనం కొంచెం తగ్గితే చుట్టుపక్కల నుంచి తడి గాలి ఉరికొస్తది, మధ్యలో పైకి లేస్తది, మొగులు కడ్తది, గుప్తోష్ణం బయటపడి పై గాలిని వేడి చేస్తది, వేడి గాలి తేలిక కాబట్టి కింద పీడనం ఇంకా తగ్గుతది, పీడనం తగ్గితే ఇంకింత తడి గాలి వస్తది. భూమి తిరుగుడు వల్ల ఆ వచ్చే గాలి నేరుగా రాకుండా సుడి తిరుగుతది, మన దిక్కు గడియారం ముల్లుకు ఎదురుగా. తుఫానును నడిపేది గాలి అనుకుంటం గాని నడిపేది మొగులు పుట్టుకనే, గాలి దాని ఫలితం.

వార్తల్లో వచ్చే పేర్లన్నీ ఈ గాలి వేగం మెట్లే. గంటకు 31 కిలోమీటర్లకు లోపు అల్పపీడనం, 31 నుంచి 49 వాయుగుండం, 50 నుంచి 61 తీవ్ర వాయుగుండం, 62 నుంచి 88 తుఫాను, 89 నుంచి 117 తీవ్ర తుఫాను, ఆపైన ఇంకా ఉన్నయి. ఈ పేర్లలో వాన ఎంత అనే ముచ్చట ఎక్కడా లేదు. అల్పపీడనమే కదా అని తీసిపారేసిన రోజే ఊర్లు మునిగిన సందర్భాలు అందుకే ఉంటయి.

పోటు, ఉప్పెన, అల: మూడు వేరే వేరే

సముద్రం లేని జిల్లాల వాళ్ళం కాబట్టి ఈ మూడింటినీ మనం ఒక్కటే చేసి వాట్సాప్‌లో పంపుకుంటం. తీరంలో ఉన్నవాళ్ళకు ఇవి మూడు వేరే ప్రమాదాలు.

పోటు అంటే చంద్రుడు, సూర్యుడు గుంజితే రోజుకు రెండు సార్లు నీళ్ళు పెరుగుడు, తగ్గితే ఆటు. అమావాస్యకు, పున్నానికి పోటు ఎక్కువ. ఇది క్యాలెండర్ చూసి ముందే చెప్పొచ్చు.

ఉప్పెన అంటే తుఫాను తోసిన నీళ్ళు. ఇందులో రెండు భాగాలు. మధ్యలో పీడనం తగ్గితే అక్కడి నీళ్ళు లేస్తయి, ఒక మిల్లీబారు (పీడనం కొలిచే లెక్క) తగ్గితే ఒక సెంటీమీటరు, అంటే మామూలు 1013 ఉండేది 990కి పడితే 23 సెంటీమీటర్లు, మోకాలి దాకా కూడా రాదు. అసలు దెబ్బ రెండోది, గంటల కొద్దీ ఒకే దిక్కు వీచే గాలి నీళ్ళను తీరానికి నెట్టుడు. సముద్రం లోతుంటే ఆ నీళ్ళు అడుగు నుంచి వెనక్కి పోతయి, లోతు తక్కువుంటే పోయే దారి లేక తీరం మీద కుప్పపడ్తయి. కృష్ణా, గోదావరి నదులు మట్టి తెచ్చి పోసిన తీరం కాబట్టి అక్కడ లోతు తక్కువ, నేల కూడా సముద్రానికి సమానంగా పరిచినట్టు ఉంటది.

మా అక్క వాళ్ళకు నీళ్ళు ఎందుకు రాలేదో కూడా ఇక్కడే తెలుస్తది. సుడి గడియారానికి ఎదురు తిరుగుతది కాబట్టి తూర్పు తీరం మీదికి తుఫాను వచ్చినప్పుడు కేంద్రానికి ఉత్తరం పక్క గాలి సముద్రం నుంచి నేల మీదికి, దక్షిణం పక్క నేల నుంచి సముద్రం మీదికి వీస్తది. తీరం దాటింది నర్సాపురం దగ్గర, మచిలీపట్నం దానికి దక్షిణం పక్క, అంటే గాలి నీళ్ళను వాళ్ళ దగ్గర నుంచి లోపలికే నెట్టింది. 1977 నవంబర్ 19న ఇదే లెక్క తిరగబడ్డది. అప్పుడు తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది, దివిసీమ దానికి కుడి పక్కన పడ్డది, దాదాపు 5 మీటర్ల ఉప్పెన వచ్చింది, దాదాపు పదివేల మంది పోయిన్రు. అటు దిక్కు ముసలివాళ్ళ ముందు ఉప్పెన అనే మాట తేలికగా అనలేం, అక్క పెండ్లప్పుడు వాళ్ళ అత్తగారి ఇంట్లో నేను నేర్చుకున్న మొదటి సంగతి అదే.

మూడోది అల. "3 మీటర్ల అలలు" అని హెచ్చరికలో ఉంటే 3 మీటర్ల నీళ్ళు ఊర్లోకి వస్తయని కాదు. అల ఎత్తును కింది గుంత నుంచి పైకొస దాకా కొలుస్తరు, బులెటిన్లో ఇచ్చేది కూడా అన్ని అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు, కాబట్టి మధ్యలో ఒక్కోటి దానికి రెండింతల దాకా కూడా లేవొచ్చు. వేటకు పోయే పడవకు ఇది ప్రాణం మీది ముచ్చట. ఊరికి మాత్రం అల విరిగి వెనక్కి పోతది, ఉప్పెన అట్ల పోదు, గంటలపాటు నిలబడ్తది, దాని మీద ఎక్కి అలలు ఇంకా లోపలికి వస్తయి.

మూడూ కలిపి ఒక లెక్క. సగటు సముద్ర మట్టం సున్నా అనుకుందాం, పోటు టైములో 0.6 మీటరు ఉంటది, ఆటు టైములో మైనస్ 0.5. ఊరి కట్ట 1.2 మీటర్లు. తుఫాను 1 మీటరు ఉప్పెన తెచ్చింది. పోటు మీద వస్తే 1.6 మీటర్లు, కట్ట మునిగింది. అదే తుఫాను ఆరు గంటలు ఆలస్యమై ఆటు మీద వస్తే 0.5 మీటరు, కట్టకు సగం కూడా రాదు. "పోటు మట్టం మీద మీటరు ఎత్తు ఉప్పెన" అని రాసే వాక్యంలో ఆ "మీద" అనే మాట బరువు ఇంత.

మొగులు, వాన ఏమీ లేకుండా కూడా సముద్రం ఊర్లోకి వస్తది. ఎక్కడో దక్షిణాన హిందూ మహాసముద్రంలో గాలికి లేచిన అలలు వేల కిలోమీటర్లు వచ్చి ఎండ కాస్తున్న రోజున కేరళ తీరాన్ని కొడ్తయి, అక్కడ దాన్ని కల్లక్కడల్ అంటరు, దొంగలెక్క వచ్చే సముద్రం అని. ఇసొంటి అలల హెచ్చరికలు ఇచ్చేది ఇన్‌కాయిస్, 1999లో పెట్టిన కేంద్ర సంస్థ. అది ఉన్నది హైదరాబాద్ ప్రగతినగర్‌లో. దేశం మొత్తం తీరానికి సునామీ హెచ్చరిక కూడా 2007 నుంచి అక్కడి నుంచే పోతది.

ఐదో నంబరు కంటే ఆరో నంబరు పెద్దదా

రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబర్లు 1 నుంచి 11 దాకా. మనం భూకంపం స్కేలు లెక్క నంబరు పెరిగితే ప్రమాదం పెరిగిందనుకుంటం, అది సగమే నిజం. 1, 2 అంటే ప్రమాదం దూరంగా సముద్రంలో ఉంది, ఓడలు చూసుకోవాలె. 3, 4 అంటే రేవుకే రావొచ్చు. 5, 6, 7 మూడూ ఒకే మోతాదు ప్రమాదం, తేడా దిక్కులో: 5 అంటే రేవు తుఫాను దారికి ఎడమ పక్కన ఉంటది, 6 అంటే కుడి పక్కన, 7 అంటే రేవు మీద నుంచి లేదా బాగా దగ్గర నుంచే పోతది. 8, 9, 10 అదే వరుస, తుఫాను ఇంకా తీవ్రమైనది. 11 అంటే సమాచార సంబంధాలు తెగిపోయినయి. కుడి, ఎడమ అని అంత పట్టింపు ఎందుకో ఉప్పెన సంగతి చదివినంక వేరే చెప్పనవసరం లేదు.

ఇది ఓడల భాష. వరంగల్‌కు వచ్చేది జిల్లా రంగుల హెచ్చరిక: పసుపు అంటే గమనిస్తుండాలె, నారింజ అంటే సిద్ధంగా ఉండాలె, ఎరుపు అంటే చర్య మొదలుపెట్టాలె. దీని వెనుక వాన మెట్లున్నయి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. దాని పక్కనే చిన్నగా ఉండే మాటలను ఎవరూ చదవరు: "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలో ఉన్న వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు లోపు. ఒకటి రెండు చోట్ల అత్యంత భారీ అని రాస్తే జిల్లా అంతా దంచుతదని కాదు, కొన్ని ఊర్లకు మాత్రం ప్రాణం మీదికి వస్తదని. 2023 జూలై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు పడ్డప్పుడు, మోరంచపల్లి వాగులో మునిగి జనం ఇండ్ల కప్పుల మీద నిలబడ్డప్పుడు చూసినం ఆ "ఒకటి రెండు చోట్ల" ఎట్లుంటదో.

నేల మీదికి వచ్చినంక ఏం తగ్గుతది, ఏం తగ్గదు

తీరం దాటగానే కింద సముద్రం లేదు, ఆవిరి అందదు, పైగా చెట్లు, ఇండ్లు తగిలి గాలి జోరు తగ్గుతది. తీవ్ర తుఫాను తుఫాను అయితది, తీవ్ర వాయుగుండం అయితది, పేరు మెట్టు మెట్టు దిగుతది. ఉప్పెన తీరంతోనే ఆగిపోతది. కానీ ఆ సుడి పైన ఇంకా తిరుగుతనే ఉంటది, దాని కుడి చెయ్యి ఇంకా బంగాళాఖాతం మీదనే ఉంటది, అక్కడి నుంచి తడి గాలిని గుంజి నేల మీదికి పోస్తనే ఉంటది. మొంథా అట్ల వాయువ్యానికి తెలంగాణ దిక్కు వచ్చింది.

40 సెంటీమీటర్లు అంటే ఎంతో ఎకరం లెక్కన చూద్దాం. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, 0.4 మీటరుతో గుణిస్తే 1,600 ఘనపు మీటర్లకు పైన, అంటే 16 లక్షల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 320 తెచ్చి ఒక్క ఎకరంలో కుమ్మరించినట్టు. చదరపు కిలోమీటరుకైతే 4 లక్షల టన్నులు, ఇంతకుముందు చెప్పిన కిలోకు 0.7 యూనిట్ లెక్కతో ఆ నీళ్ళు కట్టేటప్పుడు వదిలిన వేడి దాదాపు 28 కోట్ల యూనిట్లు, ఒక్క చదరపు కిలోమీటరు మీదనే.

ఇంకో లెక్క, నాకు అన్నింటికంటే ముఖ్యమైనది ఇది. వానాకాలం బాగా తేమున్న రోజున కూడా మన నెత్తి మీద నేల నుంచి ఆకాశం కొస దాకా ఉన్న ఆవిరినంతా పిండితే 6, 7 సెంటీమీటర్ల నీళ్ళే వస్తయి. మరి 40 ఎక్కడివి? పైన ఉన్నది పడిపోతుంటే పక్క నుంచి కొత్త ఆవిరి వస్తనే ఉండాలె, ఆరింతలు రావాలె. అంటే భీమదేవరపల్లిలో పడ్డ నీళ్ళు అక్కడి ఆకాశంలో ముందు నుంచి ఉన్నవి కావు, ఆ రోజంతా సముద్రం నుంచి బెల్టు మీద వచ్చినట్టు వచ్చినయి. తీరానికి సముద్రం ఉప్పెనగా వస్తది, మనకు ఆవిరిగా వస్తది.

ఎవరేమంటున్నరు

పెద్ద వాన పడ్డప్పుడల్లా మూడు వాదనలు వినబడ్తయి.

మొదటిది, ఎవరో చేయించిన్రు అనేది. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, క్లౌడ్ బరస్ట్ వెనుక విదేశాల కుట్ర ఉందంటున్నరు, అదెంతవరకు నిజమో తెలవదు అని అన్నరు. ఆ అనుమానం గాలిలో నుంచి పుట్టలేదు, మేఘమథనం నిజంగానే ఉంది, 1946లో అమెరికాలో మొదలైంది, 2004 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వమే విమానాలతో చేయించింది. అయితే దాంట్లో చేసేది మొగులులోకి సిల్వర్ అయొడైడో, ఉప్పు పొడో చల్లుడు, అంటే పైన చెప్పిన నలుసులను అందించుడు. మొగులు ముందే ఉండాలె, ఉన్నదాంట్లో నుంచి కొంచెం ఎక్కువ పిండొచ్చేమో, అదీ ఎంత అనేది సైంటిస్టుల్లో ఇంకా తెగని పంచాయితీ. సముద్రం నుంచి ఆరింతల ఆవిరిని రోజంతా మోసుకొచ్చే పని ఏ పొడితోనూ కాదు. ఇంకోటి, క్లౌడ్ బరస్ట్ అంటే ఒక్క గంటలో 10 సెంటీమీటర్లు చిన్న జాగలో పడుడు. రోజంతా పడే ముసురు దాంట్లోకి రాదు.

రెండోది వాతావరణ మార్పు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అందులో ఉండగల ఆవిరి దాదాపు 7 శాతం పెరుగుతది, ఇది మొదట్లో చెప్పిన గది లెక్క నుంచే వస్తది, దీంట్లో తగాదా లేదు. కాబట్టి పడే వాన గట్టిగా పడే అవకాశం పెరిగింది అనేది బలమైన మాట. కానీ ఫలానా రోజు ఫలానా ఊర్లో పడ్డ 40 సెంటీమీటర్లలో ఎంత దాని వల్ల అని చెప్పాలంటే విడిగా లెక్క చేయాలె, ఒట్టి నోటితో చెప్పలేం.

మూడోది నాలాలు, చెరువు శిఖాలు. వరంగల్, హనుమకొండలో కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులు, ఒకటి మత్తడి దుంకితే ఇంకోటి నిండేటట్టు కట్టినవి. ఆ మధ్యన కాలువలు ఇరుకై ఇండ్లు లేచినయి కాబట్టి 10 సెంటీమీటర్లకే కాలనీలు మునుగుతున్నయి అనేది వీళ్ళ వాదన. 2023లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడ్డప్పుడు ఇది గట్టిగా వినబడ్డది. అటు పక్క వాళ్ళు 40 సెంటీమీటర్లకు ఏ నాలా సరిపోతది అని అడుగుతరు, అది కూడా న్యాయమైన ప్రశ్నే. నాకైతే ఈ రెండో, మూడో వాదనలు ఒకదానికొకటి అడ్డు కావనిపిస్తది, ఎంత నీళ్ళు పడ్డయనేది ఒక లెక్క, పడ్డవి ఎక్కడ నిలిచినయనేది ఇంకో లెక్క. మొదటి వాదనతోనే పేచీ, అది ఆ రెండు లెక్కలూ వేయనివ్వదు.

రైతులది వేరే బాధ: జిల్లా పేరు చెప్తరు, మండలం పేరు ముందు రోజు చెప్పరు, వడ్లు ఎక్కడ ఆరబోయాల్నో మేం ఎట్ల తేల్చుకోవాలె అని. అది నిజమే. వాతావరణ శాఖ దిక్కు నుంచి చూస్తే పెద్ద సుడి దారి రెండు మూడు రోజుల ముందు బాగానే చెప్పగలుగుతున్నరు, దాని లోపల గట్టిగా కొట్టే మొగులు గుంపులు మాత్రం కొన్ని కిలోమీటర్ల వెడల్పే, గంటల్లో పుట్టి గంటల్లో పోతయి. వాటిని పట్టేది రాడార్. హైదరాబాద్ రాడార్ నుంచి మన దిక్కు 150 కిలోమీటర్ల దూరం వచ్చేసరికి, కిరణం కొంచెం పైకి పెట్టి ఉంటది, భూమి కూడా గుండ్రంగా వంగి ఉంటది కాబట్టి, అది మన నెత్తి మీద రెండున్నర కిలోమీటర్ల ఎత్తులో పోతది. వానాకాలం మొగులు 600 మీటర్లకే మొదలైతదని లెక్క వేసినం కదా, ఆ మధ్యలో ఏం జరుగుతుందో అంత దూరం నుంచి దానికి కనబడదు.

ఒక బులెటిన్ వరుసగా చదివితే

ఉదాహరణకు ఇసొంటి నాలుగు ముక్కలు వచ్చినయి అనుకుందాం, నా మాటల్లో రాస్తున్న.

"తుఫాను తీరం దాటుతుంది, గాలి గంటకు 90 నుంచి 100." ఇది అక్క వాళ్ళ రేకుల ఇండ్లకు, కొబ్బరి చెట్లకు, కరెంటు స్తంభాలకు సంబంధించింది. మన దగ్గరికి వచ్చేసరికి ఇందులో సగం కూడా మిగలదు.

"పోటు మట్టం మీద మీటరు ఉప్పెన, పల్లపు ప్రాంతాలు మునగొచ్చు." తీరం దాటే చోటుకు ఉత్తరం పక్క ఉన్న ఊర్లకు, అదీ పోటు టైము అయితే. వరంగల్‌కు సున్నా.

"వాయువ్య దిశగా కదులుతూ రాగల ఆరు గంటల్లో బలహీనపడుతుంది." ఇక్కడనే మా ఇంట్లో టీవీ కట్టేసి పడుకున్నం. బలహీనపడేది గాలి, పేరు మారేది గాలి వేగాన్ని బట్టి. వాయువ్యం అంటే ఏ దిక్కో ఆ రాత్రి ఎవరం ఆలోచించలే, మచిలీపట్నం నుంచి వాయువ్యానికి గీత గీస్తే ఖమ్మం, మహబూబాబాద్ దాటి మన మీదికే వస్తది.

"తెలంగాణ ఉత్తర, తూర్పు జిల్లాల్లో ఒకటి రెండు చోట్ల అత్యంత భారీ వర్షం." ఇది తుఫాను బులెటిన్లో ఆఖర్న ఉంటది, లేదంటే జిల్లాల హెచ్చరికలో విడిగా రంగుతో వస్తది. ఇప్పుడు బంగాళాఖాతంలో ఏదన్నా పుట్టిందంటే అక్క నాకు పోటు టైము ఎప్పుడో చెప్తది, నేను ఆమెకు గీత ఎటు పోతుందో చెప్తున్న, ఆ నాలుగో ముక్కను మాత్రం అందరికంటే ముందు మా నాయినకు చదివి వినిపిస్తున్న, వడ్లు కళ్ళంలో ఉన్నయి కాబట్టి.